బొమ్మల కథల్లో మరమనిషి చెలిమి

సముద్రం పక్కన కాపురం ఉండేవారికి ఇనుమును గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలోని రాజయ్యపేట బంగాళాఖాతపు ఒడ్డున ఉన్న మత్స్యకారుల గ్రామం. అట్టి ఊళ్ళలో తలుపు గొళ్ళెం మొదలు పడవ మోటారు వరకు ఏ ఇనుప సామాను అయినా ఉప్పుగాలికి ఎర్రబారవలసిందే. ఉప్పునీటిలో తిరిగి వచ్చిన మోటారును మంచినీటితో కడగాలని, కదిలే భాగాలకు నూనె పట్టించాలని ఇంకా అక్షరాలు రాని పిల్లవానికి కూడా చూచి చూచి తెలుస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పుతీరంలో మరపడవల వేటకు నిషేధం. వలలను, పడవలను, మోటార్లను తీరికగా బాగుచేసుకొనే కాలం కూడా అదే.

ఇట్టి ఊరి బడిలో రెండవ తరగతి చదివే పిల్ల చేతికి ఒక బొమ్మల పుస్తకం ఇస్తే ఏమి జరుగుతుందో ఊహించవచ్చు. అందులో ఒక కుక్క, విడిభాగాలు తెప్పించి తన చేతులతో తానే బిగించుకొన్న మరమనిషిని వెంటబెట్టుకొని సముద్రానికి షికారు వెళుతుంది. ఇద్దరూ నవ్వుకుంటూ నీటిలో దిగుతారు. పేజీ తిప్పకముందే ఆ పిల్ల, “అయ్యో, దాన్ని దిగనీయకు!” అంటుంది. సముద్రానికి దూరంగా పెరిగిన పిల్లకు ఆ భయం కలగకపోవచ్చు. పేజీ తిప్పితే సంగతి ఆమె అనుకొన్నట్లే ఉంటుంది. ఒడ్డున ఇసుకలో పడుకొన్న మరమనిషి కీళ్ళు బిగుసుకొనిపోయి లేవలేకపోతుంది. కుక్క లాగి చూస్తుంది, పొద్దు కుంకుతుంది, చివరకు తోకముడిచి ఒంటరిగా ఇంటికి వెళ్ళిపోతుంది.

ఆ పుస్తకం అమెరికా చిత్రకారిణి సారా వారన్ 2007లో వెలువరించిన ‘రోబోట్ డ్రీమ్స్’. దాదాపు మాటలే లేని బొమ్మల కథ అది. 2023లో పాబ్లో బెర్గెర్ దానిని చలనచిత్రంగా తీశాడు. ఇట్టి పుస్తకాలు ఇప్పుడు ప్రపంచమంతటా చాలా వస్తున్నాయి. అక్షరాలు కూడబలుక్కొనే వయసు పిల్లల కోసం గీసే బొమ్మల కథల్లో పిల్లవాడికీ మరమనిషికీ చెలిమి కుదరడం ఒక వాడుక కథావస్తువు అయింది. వీటిని ముచ్చటైనవని మెచ్చుకొని ఊరుకోవచ్చు, బొమ్మల పుస్తకమే కదా అని పక్కన పెట్టనూ వచ్చు. కాని చదువు నేర్చేటప్పుడు మొదట చేతికి వచ్చే పుస్తకం యంత్రాన్ని గురించి ఏమి చెబుతున్నది, స్నేహాన్ని గురించి ఏమి చెబుతున్నది అన్నది ఉపాధ్యాయునికి అక్కరలేని ప్రశ్న కాదు. నేటి పిల్లలు నిజంగానే మాట్లాడే యంత్రాల మధ్య పెరుగుతున్నారు కనుక ఆ ప్రశ్న ఇంకా బరువెక్కింది.

మరమనిషి ఈ వయసు పుస్తకాలకు ఇంతగా నచ్చడానికి కారణం లేకపోలేదు. దానిని గీయడం సులభం. ఒక పెట్టె, దానిమీద మరొక పెట్టె, రెండు గుండ్రని కళ్ళు ఉంటే చాలు. పిల్లవాడు తన పలకమీద కూడా గీయగలడు. పైగా ఆ యంత్రానికి లోకం కొత్త. పువ్వు అంటే ఏమిటి, వాన అంటే ఏమిటి అని అది అడుగుతుంది. ఇంటిలో అందరికంటె చిన్నవాడై, ఎవరికీ ఏమీ చెప్పే అవకాశం లేని పిల్లవాడు ఒక్కసారిగా గురువు అవుతాడు. దాని మాట కూడా పొట్టిది. రెండు మూడు మాటల వాక్యాలతో మనిషి మాట్లాడితే కృతకంగా ఉంటుంది గాని మరమనిషి మాట్లాడితే సహజంగానే ఉంటుంది. వాచకం రాసేవారికి ఇంతకంటె అనువైన పాత్ర దొరకదు.

తెలుగులో ఈ అనుకూలత మరికొంచెం ఉన్నది. గుణింతాలు దాటి ఒత్తుల దగ్గర తడబడే పిల్లవానికి ‘రోబో’ అనే మాట ఒక బహుమానం వంటిది. రెండే అక్షరాలు, రెండింటికీ ఓత్వమే. ‘మర’ అనే తెలుగు మాటకు గుణింతం కూడా అక్కరలేదు. చిక్కంతా రెండవ పాత్రతో వస్తుంది. ‘స్నేహితుడు’ అనే మాట మొదటి అక్షరంలోనే కాలికి అడ్డుపడుతుంది. ‘నేస్తం’ ఆ అడ్డును మధ్యలో దాచుకొన్నది. ‘మిత్రుడు’ సంగతి చెప్పనక్కరలేదు. కాని ‘చెలిమి’, ‘తోడు’, ‘జత’ అన్న మాటల్లో ఒక్క ఒత్తు కూడా లేదు. ఇంగ్లీషు నుంచి తెలుగు చేసేవారు నిఘంటువులో మొదట కనిపించిన సంస్కృతపదాన్ని తెచ్చి మాటల బుడగలో పెట్టడం వల్ల, బొమ్మ తేలికగా ఉండి మాట బరువుగా ఉన్న పుస్తకాలు తయారవుతాయి. ‘తుప్పు’లో ద్విత్వం ఉన్నది గాని అదే అక్షరం కింద అదే వస్తుంది కనుక పిల్లలు త్వరగానే పట్టుకొంటారు. ‘బ్యాటరీ’ మాత్రం కొంచెం కష్టమే. అయినా ఇంటింటా వినే మాట కాబట్టి చెవి సహాయంతో కన్ను చదువుతుంది.

రోబో అనే మాట పుట్టుక చెలిమికి ఏమాత్రం సంబంధించినది కాదు. చెకొస్లొవేకియా రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన ‘ఆర్. యు. ఆర్.’ అనే నాటకంలో అది మొదట కనిపించింది. మాటను సూచించినవాడు అతని అన్న జోసెఫ్. చెక్ భాషలో ‘రొబొట’ అంటే వెట్టిచాకిరి. ఆ నాటకంలోని రోబోలు ఇనుపవి కూడా కావు, రసాయనాలతో చేసిన కృత్రిమ దేహాలు. అంటే లోకం ఈ పాత్రకు పెట్టిన పేరే వెట్టివాడు. వెట్టివాడు నేస్తం ఎట్లా అవుతాడు? పని చేయించుకొనేవాడికీ చేసేవాడికీ చెలిమి కుదురుతుందా? ఈ జాతి కథలన్నిటి అడుగున ఉన్న ముడి ఇదే. మంచి కథ దానిని విప్పడానికి ప్రయత్నిస్తుంది. చెడ్డ కథ ముడి ఉన్నట్లే గమనించదు.

మన పాత కథల్లో ఈ ముడి మరొక రకంగా విడిపోయింది. పదకొండవ శతాబ్దంలో సోమదేవుడు కాశ్మీరంలో రచించిన ‘కథాసరిత్సాగరం’లో మయుని కూతురు సోమప్రభ తన చెలికత్తె కళింగసేనకు ఒక బుట్టనిండా కొయ్య మరబొమ్మలు తెచ్చి చూపిస్తుంది. మీట నొక్కగానే ఒకటి ఎగిరిపోయి పూలదండ తెస్తుంది, ఒకటి నీరు తెస్తుంది, ఒకటి ఆడుతుంది, ఒకటి మాట్లాడుతుంది. అయినా చెలిమి బొమ్మతో కాదు, ఆ ఇద్దరు కన్యల మధ్యనే. బొమ్మలు వారిని దగ్గరకు చేర్చిన కానుకలు. కొత్త బొమ్మల కథల్లో ఆ రెండవ కన్య కనిపించకుండా పోయి, బుట్టలోని బొమ్మే ఆమె చోట కూర్చున్నది. ఇది చిన్న మార్పు కాదు.

ఆ చోటు మొదట యంత్రానికి ఇచ్చినవారిలో ఐజాక్ అసిమోవ్ ఒకడు. 1940లో అచ్చయిన ఆయన కథలో గ్లోరియా అనే ఎనిమిదేళ్ళ పిల్లకు రాబీ అనే మరమనిషి ఆటలతోడు. రాబీకి మాట రాదు, కథలు వినడమంటే మాత్రం ఇష్టం. పిల్ల మనుషులతో కలవడం మానేస్తున్నదని తల్లి దానిని ఇంటినుంచి పంపివేస్తుంది. కథ తల్లిని కొంచెం చిన్నబుచ్చింది గాని ఆమె అడిగిన ప్రశ్న ఎనభై ఏళ్ళు దాటినా పాతబడలేదు. జపాన్‌లో ఒసాము తెజుకా 1952లో మొదలుపెట్టిన బొమ్మల కథలో, చనిపోయిన కొడుకు రూపంలో ఒక శాస్త్రజ్ఞుడు మరబాలుణ్ణి చేస్తాడు, వాడు పెరగడం లేదని తెలిసి సర్కసుకు అమ్మివేస్తాడు. యంత్రం పెరగదు. ఇంత సూటి అయిన సత్యాన్ని పిల్లల కథలో అంత కఠినంగా చెప్పినవారు తక్కువ.

తెలుగు పిల్లలకు బాగా తెలిసిన మరనేస్తం మాత్రం డోరేమాన్. టీవీలో తెలుగులో మాట్లాడే ఈ నీలిరంగు పిల్లి మొదట పుట్టింది తొలి చదువుల పత్రికల్లోనే అన్న సంగతి చాలామందికి తెలియదు. ఫుజికో ఎఫ్. ఫుజియో అనే కలంపేరు గల చిత్రకారుడు దీనిని 1970 జనవరి సంచికలతో ఆరు పత్రికల్లో ఒకేసారి మొదలుపెట్టాడు. రెండు పత్రికలు బడికి పోని పసివారివి, తక్కినవి ఒకటవ తరగతి నుంచి నాలుగవ తరగతి వరకు తరగతికి ఒకటి. ఒకే పాత్రకు ఒక్కొక్క వయసుకు ఒక్కొక్క కథ. ఏ తరగతి పిల్లకు ఎన్ని మాటలు, ఎంత చిక్కు అన్నది లెక్క చూచుకొని గీశాడు. మన పత్రికలలో ఇంత ఓపిక అరుదు.

కథ అందరికీ తెలిసినదే. చదువులో వెనుకబడి, ఆటల్లో ఓడి, తోటివాళ్ళ చేత దెబ్బలు తినే నోబితా అనే పిల్లవాని జాతకం మార్చడానికి అతని మనుమని మనుమడు ఇరవై రెండవ శతాబ్దం నుంచి ఈ మరపిల్లిని పంపుతాడు. దాని పొట్టమీది సంచిలోనుంచి కోరిన పరికరం బయటికి వస్తుంది. పిల్లవాడు దానిని దుర్వినియోగం చేస్తాడు, తలకిందులవుతాడు. పైపైన చూస్తే ఇది అల్లాఉద్దీన్ దీపం కథే, యంత్రం పేరు పెట్టుకొన్న భూతం. విజ్ఞానం పాలు చాలా తక్కువ. తిన్నదంతా శక్తిగా మార్చే అణు రియాక్టరు ఆ పిల్లి కడుపులో ఉన్నదట. అది అంతటితో ఆగితే డోరేమాన్ గురించి ఇన్ని మాటలు అక్కరలేదు.

కాని 1974 మార్చిలో మూడవ తరగతి పత్రికలో ఒక కథ వచ్చింది. డోరేమాన్ భవిష్యత్తుకు తిరిగి వెళ్ళిపోవాలి. తాను లేకపోతే ఈ పిల్లవాడు ఎట్లా బతుకుతాడని దాని దిగులు. ఆ రాత్రి నోబితా తనను రోజూ కొట్టే బలశాలి పిల్లవానితో ఏ పరికరమూ లేకుండా కలియబడతాడు. దెబ్బలు తిని, పడి, లేచి, మళ్ళీ పట్టుకొని, ఎదుటివాడు విసిగి ఓడిపోయాననేవరకు వదలడు. నీవు లేకున్నా నేను నిలబడగలను, నిశ్చింతగా వెళ్ళు అని చూపడానికే ఆ పోరాటం. తెల్లవారేసరికి గది ఖాళీ. వెట్టివాడిని పంపివేయగలిగిన రోజునే నోబితా వాడికి నేస్తమయ్యాడు. అంతకుముందు వచ్చిన కథలన్నిటిలో కోరికలు కోరినవాడు ఇక్కడ ఏమీ కోరలేదు. మరుసటి నెలలో నాలుగవ తరగతి పత్రికలో డోరేమాన్ తిరిగి వచ్చిందనుకోండి. వ్యాపారం అటువంటిది. అయినా మూడవ తరగతి ముగించుకొని పై తరగతికి పోతున్న పాఠకునికి సరిగ్గా ఆ నెలలో ఆ కథ ఇవ్వడం ఊరకే జరిగిన పని అనిపించదు.

ఇక దీనికి ఎదురుగా నిలిచే ఒక కథాపద్ధతి ఉన్నది, అది చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. మరమనిషి ఆగిపోతుంది. పిల్లవాడు ఏడుస్తాడు. కన్నీటిబొట్టు ఇనుపగుండెమీద పడుతుంది. వెంటనే దీపం వెలిగి యంత్రం లేస్తుంది. ప్రేమ యంత్రాన్ని బతికించిందని చదువరి సంతోషించవలె. ఇందులో రెండు అబద్ధాలున్నాయి. యంత్రాన్ని గురించినది మొదటిది. యంత్రం ఆగితే దానికి ఒక కారణం ఉంటుంది. బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు, తీగ తెగి ఉండవచ్చు, కీలు పట్టేసి ఉండవచ్చు. పరిసరాన్ని పసిగట్టే గ్రాహకాలు, వచ్చిన సమాచారం ప్రకారం ఏమి చేయాలో నిర్ణయించే గణకభాగం, కదిలించే మోటార్లు, వీటన్నిటికీ శక్తినిచ్చే బ్యాటరీ, ఇవే మరమనిషి అంటే. ఉప్పగా ఉండే కన్నీరు వీటిలో దేనికీ మేలు చేయదు. రెండవది స్నేహాన్ని గురించినది, ఇంకా హానికరమైనది. చేయవలసిన పని ఏమీ లేదు, గట్టిగా ఏడిస్తే చాలు అని అది నేర్పుతుంది. జ్వరం వచ్చిన నేస్తం దగ్గర కూర్చొని ఏడ్చేవాడికంటె మందు తెచ్చేవాడు మేలని పల్లెటూరి పిల్లలకు పుస్తకం లేకుండానే తెలుసు.

సారా వారన్ పుస్తకం గొప్పతనం ఇక్కడే. అందులో కన్నీరు పనిచేయదు. తుప్పు తుప్పే. శాస్త్రదృష్టితో చూస్తే అక్కడ కూడా ఒక దోషం పట్టవచ్చు. ఇనుము తుప్పుపట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. ఇనుపపరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలి నీటిలోకి దిగుతాయి. ఆ ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ అందుకొంటుంది. చివరకు మిగిలేది నీటితో కూడిన ఐరన్ ఆక్సైడు, అదే ఎర్రని పొడి. ఉప్పు ఈ చర్యలో ఇంధనం కాదు, నీటిలో విద్యుత్తు సులభంగా ప్రవహించేటట్లు చేసి వేగం పెంచుతుంది. కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అయినా ఒక్క మునకకు, ఒక్క మధ్యాహ్నంలో కీళ్ళు బిగుసుకొనిపోయేంత తుప్పు రాదు, దానికి రోజులు పడుతుంది. నిజంగా అంత త్వరగా మరమనిషిని పడగొట్టేది లోపలి విద్యుత్ వలయాల్లోకి దూరి వాటిని అడ్డదారిన కలిపివేసే ఉప్పునీరు. రాజయ్యపేట పిల్ల ఈ సంగతి పట్టుకోగలదు, “మా మోటారు రోజూ సముద్రంలోకి పోతుంది కదా, ఒక్క రోజులో ఆగిపోలేదే!” అని అడగవచ్చు. అడిగితే ఉపాధ్యాయునికి ఆనాటి పాఠం దొరికినట్లే. లోపలి వలయం కాలిపోవడాన్ని మాటలు లేని బొమ్మలో చూపలేరు. తుప్పును చూపవచ్చు, ఎవరికైనా తెలుస్తుంది. చిత్రకారిణి ఎన్నుకొన్న దారి క్షమించదగినదే గాక తెలివైనది కూడా.

క్షమించలేనిది కుక్క చేసిన పని. అది నూనె తీసుకొని వెంటనే రాలేదు. తరువాత వచ్చేసరికి తీరం మూసివేశారు. నెలలు గడుస్తాయి. కుక్క కొత్త నేస్తాలను వెదుక్కొంటుంది, ఎవరూ కుదరరు. ఇసుకలో పడి ఉన్న మరమనిషి తాను లేచి ఇంటికి పోయినట్లు పదే పదే కలలు కంటుంది. ప్రతి కలా నిజమని పాఠకుడు నమ్ముతాడు, మళ్ళీ ఇసుకే కనిపిస్తుంది. చివరకు అది తుక్కు సామాన్ల దుకాణం చేరుతుంది. అక్కడ ఒక రకూన్ ఆ ముక్కలు కొని, రేడియోను మొండెంగా పెట్టి కొత్త యంత్రాన్ని నిలబెడుతుంది. కుక్క కూడా ఈలోగా మరొక మరమనిషిని తెచ్చుకొంటుంది. ఒకనాడు కిటికీలోనుంచి పాత నేస్తాన్ని చూచిన రేడియో మరమనిషి పిలవదు, పరుగెత్తదు. ఒక పాట మాత్రం వినిపిస్తుంది. ఇంతటి ముగింపును ఏడెనిమిదేళ్ళ పిల్లలకు ఇవ్వవచ్చునా అని పెద్దలు సందేహించవచ్చు. వదిలివేయడం, మరచిపోవడం, మరొకరు బాగుచేయడం పిల్లలు రోజూ చూచేవే. వాటిని పుస్తకంలో చూడడం వల్ల వారికి వచ్చే నష్టం లేదు.

ఈ కథ కేవలం కల్పన కాదని జపాన్‌లో జరిగిన సంగతి చూపుతుంది. సోనీ కంపెనీ 1999లో ఐబో అనే మరకుక్కను అమ్మకానికి పెట్టింది. 2006లో తయారీ ఆపింది, 2014లో మరమ్మతులు కూడా మానివేసింది. విడిభాగాలు దొరకక ఆ కుక్కలు ఒక్కొక్కటే ఆగిపోసాగాయి. పాత ఇంజనీర్లు కొందరు కలిసి, ఆగిన కుక్కల భాగాలు తీసి ఇతర కుక్కలకు అమర్చడం మొదలుపెట్టారు. అట్లా విప్పివేయబోయే ముందు 2015 నుంచి చీబా ప్రాంతంలోని ఒక బౌద్ధాలయంలో వాటికి కర్మకాండ జరిపారు. అవయవదానం వంటిదే ఇది. నవ్వదలచినవారు నవ్వవచ్చు గాని మంత్రం చదివిన తరువాత మరమేకుల పని మొదలుపెట్టారన్నది మరచిపోరాదు.

దీనికంటె దగ్గరి సంఘటన 2024 డిసెంబరులో అమెరికాలో జరిగింది. పిల్లలతో మాట్లాడడానికే తయారైన మాక్సీ అనే మరబొమ్మ ధర సుమారు 800 డాలర్లు. దాని తెలివి దానిలో లేదు, దూరాన ఉన్న కంపెనీ కంప్యూటర్లలో ఉన్నది. కంపెనీకి డబ్బు చాలక మూతవేస్తున్నామని ప్రకటించింది. మీ నేస్తం ఇక మాట్లాడదని తల్లిదండ్రులు పిల్లలకు చెప్పవలసి వచ్చింది. తుప్పు పట్టలేదు, బ్యాటరీ పోలేదు. పిల్లవాడు స్పానర్ పట్టుకొన్నా చేయగలిగింది లేదు. బొమ్మల కథలు ఇంకా గీయని మరణం ఇది. మనిషి మాటనే తిప్పి ప్రశ్నగా అడిగే ఎలైజా అనే చిన్న కంప్యూటరు ప్రోగ్రామును 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ వెలువరించినప్పుడే, పెద్దవాళ్ళు దానికి తమ గోడు చెప్పుకోవడం చూచి ఆయన కలవరపడ్డాడు. పెద్దవారికే అట్లా ఉంటే ఆరేళ్ళ పిల్లల సంగతి వేరే చెప్పాలా? కనుక మరనేస్తపు కథలో ఆ నేస్తాన్ని ఎవరు చేశారు, ఎవరి తాళం దాని మెడలో ఉన్నది అన్న ప్రశ్నకు తావు ఉండవలె.

ఆ తావు కొంత ఇచ్చిన పుస్తకం బెన్ హాట్కీ గీసిన ‘లిటిల్ రోబోట్’. 2015లో వచ్చింది. మరుసటి సంవత్సరం తొలి పాఠకుల విభాగంలో ఐస్నర్ బహుమానం పొందింది. పేరు లేని చిన్నపిల్ల, నల్లని మేనిది, చెప్పులు లేని కాళ్ళతో కిటికీలోనుంచి బయటికి దిగుతుంది. ఆమె నడుముకు పనిముట్ల పటకా. నీటిలో కొట్టుకొనివచ్చిన పెట్టె దొరుకుతుంది, మీట నొక్కితే బుల్లి మరమనిషి లేస్తుంది. ఆమె దానికి నడక నేర్పుతుంది, పూలను చూపిస్తుంది. లెక్క తగ్గిన యంత్రం కోసం కర్మాగారం ఒక పెద్ద యంత్రాన్ని పంపుతుంది. ఆ పిల్ల తన నేస్తాన్ని కాపాడుకొనేది కన్నీటితో కాదు, రెంచితో. ఆడపిల్ల చేతికి రెంచి ఇచ్చి, అది వింత కానట్లు గీయడం ఈ పుస్తకం చేసిన మేలు. చాలా పేజీలు మాటలు లేకుండానే నడుస్తాయి. ఉన్న మాటలు కూడా చిన్నవి.

లోపం కర్మాగారం దగ్గర ఉన్నది. అది ఎవరిది, ఏమి చేస్తుంది, అక్కడ ఎవరు పనిచేస్తారు అన్నది పుస్తకానికి అక్కరలేకపోయింది. దూరాన ఉన్న ఒక భయం, అంతే. కర్మాగారాన్ని బొమ్మలోనే చూచే పిల్లకు ఇది చాలవచ్చు. నక్కపల్లి మండలంలో తలపెట్టిన బల్క్ డ్రగ్ పార్కును వద్దని రాజయ్యపేట మత్స్యకారులు 2025లో ఆందోళన చేశారు. ఆ ఊరి పిల్లలకు కర్మాగారమంటే పెద్దల మాటల్లో రోజూ వినబడిన సంగతి. భూమి, నీరు, చేపలు, ఉద్యోగాలు అన్నీ అందులో ఉన్నాయి. వాదంలో ఎవరి పక్షం వారిది కావచ్చు. కాని అట్టి పిల్లకు పెద్ద యంత్రం ఎందుకు వచ్చిందని అడగాలని తోస్తుంది, పుస్తకం జవాబివ్వదు. పెద్ద యంత్రం కూడా వెట్టివాడే గదా, పంపితే వచ్చింది! దానిమీద జాలిపడడానికి చిత్రకారునికి అవకాశం ఉన్నది, ఇంకొంచెం సాగదీయవలసింది.

తెలుగులో ఇట్టి కథలు రావాలంటే బొమ్మా మాటా రెండూ ఇక్కడివి కావాలి. న్యాయపతి రాఘవరావు ‘బాల’ 1945లో, ‘చందమామ’ 1947లో వచ్చినప్పటినుంచి తెలుగు పిల్లలకు బేతాళుడు, రాక్షసుడు, మాట్లాడే నక్క బాగా చుట్టాలు. మరమనిషికి ఆ చుట్టరికం ఇంకా కలవలేదు. వచ్చినప్పుడు కూడా పాశ్చాత్యుల తగరపు పెట్టె రూపంలోనే వస్తున్నది. అనకాపల్లి జిల్లాలోనే వరాహనది ఒడ్డున ఏటికొప్పాక ఉన్నది. అంకుడు కర్రను లేతుమీద తిప్పి, లక్కరంగు పట్టించి చేసే అక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బంతి వంటి తల, సొరకాయ వంటి ఒళ్ళు, కాడ వంటి మెడ, ప్రతిభాగమూ ఇరుసుచుట్టూ తిరిగి పుట్టినదే. ఒక చిత్రకారుడు మరమనిషిని ఆ ఆకారంలో గీస్తే పిల్లకు అది ఎట్లా తయారైందో కూడా బొమ్మలోనే తెలుస్తుంది, తుప్పు బదులు చెద పట్టినా పట్టవచ్చు!

మాటల దగ్గర చిక్కు ఇంకా ఆసక్తికరమైనది. తెలుగు వ్యాకరణం నామవాచకాలను మహత్తు, అమహత్తు అని విడదీస్తుంది. పురుషుడు వచ్చాడు, యంత్రం వచ్చింది. మరమనిషి వచ్చాడా, వచ్చిందా? మొదటి వాక్యపు క్రియ దగ్గరనే రచయిత తేల్చుకోవాలి, తప్పించుకొనే దారి లేదు. మన పిల్లల కథలు దీనికి ఎప్పుడో ఉపాయం చేసుకొన్నాయి. నక్క వచ్చింది, నక్కబావ వచ్చాడు. వరస కలిపితే అమహత్తు మహత్తు అవుతుంది. మరమనిషి విషయంలో మంచి దారి, కథకుడు ‘అది’ అని, కథలోని పిల్ల మాటల బుడగలో ‘వాడు’ అనడం. గడి అంచున యంత్రపు నిజం, బుడగలో పిల్ల మనసు. రెండూ ఒకే గడిలో ఉన్నా ఒకదానినొకటి అబద్ధం చేయవు.

‘రోబోట్ డ్రీమ్స్’ వంటి మాటలు లేని పుస్తకానికి అనువాదం కూడా అక్కరలేదు. తెలుగు అంతా చదివే పిల్లదే. బొమ్మలు చూపి కథ చెప్పమంటే, మరమనిషి నీటిలో దిగే పేజీ దగ్గర ఆమె “తడిసింది” అనవచ్చు. రెండు పేజీల తరువాత, ఇసుకమీద ఎవరూ లేని సాయంకాలపు బొమ్మ దగ్గర “లేవలేకపోతున్నాడు” అనవచ్చు. క్రియ ఎక్కడ మారిందో ఉపాధ్యాయుడు వినవలసిందే గాని దిద్దవలసింది కాదు.